పల్లె కౌంటీలో ఏ మిడిల్ స్కూలు? ఒక్క అంకె చూసి తేల్చకండి

పోయిన సంక్రాంతికి టంగుటూరు వెళ్ళినప్పుడు మా అక్క కూతురు ఒంగోలు నుంచి పనిగట్టుకుని వచ్చింది. అక్కడ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఒక పల్లె కౌంటీ (మన జిల్లా లాంటిది) హైస్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది, ఆగస్టుకల్లా జే-1 వీసా (ఎక్స్ఛేంజ్ మీద వెళ్ళే టీచర్లకు ఇచ్చేది) మీద వెళ్ళాలి. తన పాప ఆరో తరగతి. ఫోన్లో, బడులకు మార్కులిచ్చే వెబ్‌సైటులో రెండు మిడిల్ స్కూళ్ళు తీసి చూపించింది. ఒకదానికి పదికి ఏడు, రెండోదానికి నాలుగు. "ఏడున్న దాంట్లో చేరుద్దాం పిన్నీ, ఇంక ఆలోచించేదేముంది?" అంది.

ఆ రాష్ట్రంలోనే, అలాంటి కౌంటీలోనే పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను. వెళ్ళిన కొత్తలో రోడ్డుకు రెండు పక్కలా పొగాకు చేలు, వాటి మధ్య పాత బ్యారన్లు చూసి కొండపి దారిలో పోతున్నట్టే అనిపించింది. మనం బ్యారన్లలో కాల్చే వర్జీనియా పొగాకును అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ పండించేది ఆ రాష్ట్రమే. చేలు చూసి బెరుకు తీరింది గానీ, అక్కడి బడుల తీరు అర్థం కావడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అందుకే ఆ పిల్లకు చెప్పినవే, కొత్తగా వెళ్ళే మీ అందరికీ చెబుతున్నాను.

ముందు ఇంటి సంగతి. ప్రభుత్వ బడిలో ఫీజు ఉండదు, కానీ పిల్లలు ఏ బడికి వెళ్ళాలో మీ ఇంటి అడ్రసే తేలుస్తుంది. ఆ రాష్ట్రంలో 100 కౌంటీలుంటే స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ప్రభుత్వ బడులను నడిపే విభాగాలు, 115. అంటే చాలాచోట్ల కౌంటీ అంతా ఒకే డిస్ట్రిక్టు. పల్లె కౌంటీలో మిడిల్ స్కూళ్ళు, అంటే ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పేవి, రెండో మూడో ఉంటాయి. అద్దె కాగితం మీద సంతకం పెట్టాక బడి వెతికితే లాభం లేదు. మా అక్క కూతురిలా ఆ డిస్ట్రిక్టులోనే టీచరుగా చేరేవాళ్ళు, తమ పిల్లలను వేరే బడిలో చేర్చుకోనిస్తారేమో కూడా అడగండి.

ఇక ఆ ఏడు, నాలుగు. మన ఊళ్ళో పొగాకు వేలం కేంద్రంలో బేలుకు గ్రేడు వేస్తారు కదా, అందులో రైతు చాకిరీ ఒక్కటే ఉండదు, నేలా వానా కూడా ఉంటాయి. బడి మార్కూ అంతే. వెబ్‌సైటు మార్కు కాక, ఆ రాష్ట్రం కూడా ప్రతి బడికీ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఇస్తుంది. అందులో 80 శాతం పిల్లలు పరీక్షలో ఎంత తెచ్చారన్నది, 20 శాతం మాత్రమే ఏడాదిలో చదువులో ఎంత ఎదిగారన్నది. కలిగినవాళ్ళ ఇళ్ళు ఎక్కువున్న చోట బడికి గ్రేడు తేలిగ్గా వస్తుంది. కూలీ కుటుంబాల పిల్లలు ఎక్కువున్న బడి ఎంత కష్టపడినా సీ దగ్గరే ఆగిపోవచ్చు. మీరు చూడాల్సింది ఆ చిన్న 20 శాతాన్నే. రాష్ట్రం ఏటా ఇచ్చే రిపోర్టు కార్డులో 'గ్రోత్' అని విడిగా ఉంటుంది: అనుకున్నదానికన్నా ఎక్కువ ఎదిగారా, అంతే ఎదిగారా, తక్కువా అని. మూడు నుంచి ఎనిమిది దాకా ప్రతి తరగతికీ ఇంగ్లీషు, లెక్కల పరీక్షలు ఉంటాయి కాబట్టి మిడిల్ స్కూలు మూడేళ్ళకూ ఈ లెక్క దొరుకుతుంది. తరగతికి ఎనభై మంది లేని బడుల్లో పదిమంది పిల్లలు మారినా అంకె మారిపోతుంది. అందుకని మూడేళ్ళవి పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఆ పిల్ల చేతే తీయించాను. ఏడున్న బడి వరుసగా రెండేళ్ళు గ్రోత్‌లో తక్కువ. నాలుగున్నది మూడేళ్ళూ ఎక్కువ. కాసేపు మాట్లాడలేదు.

గైర్హాజరు కూడా చూడమన్నాను. పదో వంతు రోజులు, అంటే 180 రోజుల్లో 18, బడికి రాని పిల్లలు ఎంతమందో ఆ రిపోర్టు కార్డులోనే ఉంటుంది. అది ఏటా పెరుగుతూ ఉంటే కారణం అడగండి.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది లెక్కల టీచరు గురించి. పల్లె కౌంటీలకు టీచర్లు దొరకరు, మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలు వస్తున్నది కూడా అందుకే. మా అమ్మాయి ఏడో తరగతిలో సగం ఏడాది లెక్కలకు రోజుకొక తాత్కాలిక టీచరు వచ్చారు. మాకు తెలిసేసరికి ఫిబ్రవరి. ఆ లోటు పూడ్చడానికి రెండు వేసవులు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాను. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే. ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కల టీచర్లు ఉన్నారా, ఎన్నేళ్ళుగా ఉన్నారు అని మొదటి ఫోన్లోనే అడగండి.

తర్వాత ఎనిమిదిలో 'మ్యాథ్ 1' చెబుతారా అని అడగండి. అది హైస్కూలు పాఠం. ఎనిమిదిలో అది అయిపోతే పన్నెండుకు కాల్‌క్యులస్ దాకా వెళ్ళే దారి ఉంటుంది. ఏడో తరగతి పరీక్షలో అన్నిటికన్నా పై స్థాయి వచ్చిన పిల్లలను అందులో వేయాలని ఆ రాష్ట్రంలో చట్టమే ఉంది. కానీ మన పిల్లలు కొత్తగా వెళతారు, పాత స్కోరు ఉండదు కాబట్టి మామూలు సెక్షన్లో కూర్చోబెట్టేస్తారు. పిల్లలను ఏ సెక్షన్లో వేయాలో చూసే బడి కౌన్సెలరును కలిసి, పాపకు ఎంత వచ్చో పరీక్ష పెట్టి చూడమని మీరే అడగాలి.

బస్సు ఉచితం. అయితే పల్లెల్లో పొద్దున గంటకు పైగా తిరిగే రూట్లు ఉంటాయి. ఎన్నింటికి ఎక్కాలో కనుక్కోండి.

చేర్పించేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాష ఏదని రాయమంటారు. కొందరు భయపడి ఇంగ్లీషని రాస్తారు. అలా చేయొద్దు, తెలుగని రాయండి. చిన్న పరీక్ష పెడతారు, అవసరమైతే ఇంగ్లీషు సాయం ఉచితంగా అందుతుంది. అది పిల్లల హక్కు.

పాప టీకాల కార్డు చూస్తే కొదవ కనిపించింది. మన దగ్గర పదేళ్ళకు వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) వేరు, వాళ్ళు ఏడో తరగతికి అడిగే, కోరింత దగ్గుకు కూడా పనిచేసే టీడాప్ వేరు. మెదడు పొరల వాపు రాకుండా వేసే మెనింగోకాకల్ టీకా కూడా అడుగుతారు, అది మన సర్కారు టీకాల్లో లేదు. ఒంగోల్లోనే పిల్లల డాక్టరు దగ్గర వేయించుకుని, ఇంగ్లీషులో రాయించుకోమన్నాను. కొత్తగా చేరే పిల్లలకు ఆరోగ్య పరీక్ష కాగితం 30 రోజుల్లో ఇవ్వాలి.

ఆ సాయంత్రం ఏడున్నరకు, అంటే అక్కడ పొద్దున తొమ్మిదికి, మా వసారాలో కూర్చునే రెండు బడులకూ ఫోన్ చేసింది. ఏడున్న బడిలో కౌన్సెలరు తీరికగా లేరు, మెయిల్ పెట్టమన్నారు. నాలుగున్న బడిలో ఆమె ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఎనిమిదో తరగతి లెక్కల టీచరు పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నారట, మ్యాథ్ 1 ఉందట, పాపకు పరీక్ష పెడతామన్నారట. ఫోన్ పెట్టేసి, ఆ బడి పరిధిలోకి వచ్చే రోడ్ల పేర్లు కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది. ఇల్లు ఇంకా వెతుకుతున్నాం.