ఆ యాపచెట్టు కింద నువ్వే నిలబడాలి

ఉత్తరం:
"మాది చింతపల్లి, కొండమల్లేపల్లి మధ్య సాగర్ రోడ్డు మీది ఊరు. నాకు 27 ఏళ్లు. మా ఆయన హైదరాబాద్‌లో కారు నడుపుతారు, శనివారం రాత్రి ఇంటికొస్తారు. పాపకు నాలుగున్నరేళ్లు. జూన్ 12 నుంచి కొండమల్లేపల్లిలో ఎల్‌కేజీకి పంపాలి. ఫీజు కట్టేశాం. స్కూల్ బస్సులో పంపాలా, ఆటో మాట్లాడాలా, లేక అక్కడే రూము తీసుకుని ఉండాలా అని రోజూ టెన్షన్. బస్సు అనగానే అత్తమ్మ మాసాయిపేట పేరు ఎత్తుతుంది. మా యారాలి బిడ్డ మూడో తరగతి, అదే బస్సులో పోతుంది. నాకూ యారాలికీ రెండేళ్లుగా మాటల్లేవు. మా పాప పుట్టువెంట్రుకలు గుట్ట మీద తీయించిన రోజు ఆమె ఆలస్యంగా వచ్చింది, అన్నం తినకుండానే పోయింది. బస్సులో పంపితే సాయంత్రం యాపచెట్టు కింద ఆమె పక్కన నిలబడాలి. అది నాతో కాదు. రోడ్డుకు ఇవతల కిరాణం దగ్గర నిలబడి పిలుస్తా, పాప ఉరికొస్తది. ఇలా చేస్తే సరిపోతుందా? పాపను బడికి ఎలా తయారు చేయాలో కూడా చెప్పండి."

జవాబు:
బిడ్డా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒక్క మాట దగ్గరే నా గుండె ఆగింది. "పాప ఉరికొస్తది" అన్నావు. సాగర్ రోడ్డుకు అడ్డంగా! నాలుగున్నరేళ్ల పిల్ల!

పొద్దున బస్సు మీ ఇంటి వైపే ఆగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు తలుపు అవతలి వైపు, ఆ యాపచెట్టు వైపు తెరుచుకుంటుంది. పొద్దున్నుంచీ అమ్మను చూడని పిల్ల మెట్టు మీద నుంచే నిన్ను వెతుక్కుంటుంది. ఇవతల కిరాణం ముందు నువ్వు కనిపిస్తావు, చెయ్యి ఊపుతావు. ఇక దానికి రోడ్డు కనపడదు, నువ్వే కనపడతావు. బస్సు ముందు నుంచి పరుగు తీస్తుంది. బస్సు ముక్కుకు ఆనుకుని పోయే మూడడుగుల పిల్ల డ్రైవర్ సీట్లో ఉన్నవాడికి కనిపించదు. వెనక నుంచి బస్సును దాటి వచ్చే బండివాడికి బస్సే అడ్డం, వాడికీ కనిపించదు. వానాకాలంలో సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చెప్పిన శనివారం మీ రోడ్డు మీద కార్లు ఎట్లా పోతాయో నీకు నేను చెప్పాలా?

ఇక నీ ప్రశ్నలు. రూము మాట మర్చిపో. మీ ఆయన వారానికి ఒక రాత్రి వచ్చే ఇల్లు, ముసలి అత్తమ్మ, మిరుగం కాగానే పత్తి గింజలు పెట్టే పని, అన్నీ వదిలి ఎల్‌కేజీ కోసం ఊరు మారడం ఏమిటి? ఆటో కూడా వద్దు. పక్కలు తెరిచి ఉంటాయి, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు పిల్లల్ని ఇరికిస్తారు, బ్యాగులు బయట వేలాడుతుంటాయి. బస్సులోనే పంపు.

మీ అత్తమ్మ భయం ఉత్త భయం కాదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో, కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూల్ బస్సును రైలు ఢీకొట్టింది. అన్నం డబ్బాలు కట్టిచ్చి పంపిన తల్లుల ఏడుపు మనం ఎవరం మర్చిపోలేదు. ఆమెను కసురుకోకు. మన దారిలో రైలు పట్టాలు లేవని నెమ్మదిగా చెప్పు. చెప్పి ఊరుకోకుండా, బడి తెరవకముందే ఒకరోజు వెళ్లి ఆ బస్సును నీ కళ్లతో చూసి రా. స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో అయిపోతుంది, బడి మొదలయ్యేలోపు మళ్లీ చేయించాలి. ఆ కాగితం చూపించమని అడుగు. పిల్లల్ని చెయ్యి పట్టి దించే ఆయమ్మ ఉందా, లేక క్లీనర్ పిల్లాడితో సరిపెడుతున్నారా అడుగు. డ్రైవర్ ఫోన్ నంబర్ రాసుకో. ఫీజు కట్టిన తల్లివి, అడగడానికి మొహమాటం ఎందుకు? బస్సు తప్పిపోయిన రోజు ఎవరో ఒకరి టీవీఎస్ బండి మీద ముందు నిలబెట్టి మాత్రం పంపకు. నాలుగేళ్లు దాటిన పిల్లలకైనా హెల్మెట్ ఉండాలని చట్టమే చెబుతోంది, ముందు నిలబెడితే హెల్మెట్ ఉన్నా లాభం లేదు. ఆ ఒక్క రోజు బడి మానితే కొంపలేం మునగవు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. నువ్వు బస్సా ఆటోనా అని అడిగావు గానీ, నీ ఉత్తరంలో సగం మీ యారాలే ఉంది. ఆటో ఎందుకు గుర్తొచ్చింది? ఆమె పక్కన నిలబడక్కర్లేదు కాబట్టి. రూము ఎందుకు గుర్తొచ్చింది? ఆమె కంట పడక్కర్లేదు కాబట్టి. పాప బడి గురించి తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ నువ్వు మీ యారాలి మొహం చూసి తీసుకుంటున్నావు.

మా ఇంట్లో ఇది చూస్తూ పెరిగినదాన్ని. మా అమ్మకూ చిన్నమ్మకూ ఆరేళ్లు మాటల్లేవు. ఒకటే వాకిలి, నడుమ గోడ. బడి నుంచి ఎండలో వస్తుంటే ముందు చిన్నమ్మ వాళ్ల అరుగు తగిలేది, దాని మీద తడిగుడ్డ చుట్టిన నీళ్ల కుండ. గొంతు ఎండుతున్నా ఆ కుండ వైపు చూడకుండా తల వంచుకుని పోయేదాన్ని. నాకెవరూ అట్లా పొమ్మని చెప్పలేదు. అమ్మ నడిచే తీరు చూసి నేర్చుకున్నా. మీ పాప కూడా నేర్చుకుంటుంది. బస్సులో తన అక్క పక్క సీటు ఖాళీగా ఉన్నా వెళ్లి వెనక కూర్చుంటుంది. ఏడుపొచ్చినా, కడుపులో నొప్పొచ్చినా ఆ అక్కకు చెప్పదు. అంత పెద్ద బస్సులో నీ బిడ్డను పేరు పెట్టి పిలిచే ఒకే ఒక్క మనిషి ఆ ఎనిమిదేళ్ల పిల్ల. ఆ చెయ్యిని నువ్వే విడిపిస్తున్నావు.

నీ బాధ నాకు అర్థం కాక కాదు. పాప పుట్టువెంట్రుకల రోజు ఇంటి పెద్ద కోడలు అన్నం ముట్టకుండా పోతే ఏ తల్లికైనా మనసు కాలుతుంది. ఎందుకలా చేసిందో ఆమెను అడగాల్సిందే. ఇప్పుడు మాత్రం వద్దు. రేపు పంపకాల్లో లెక్క తేడా వస్తే నలుగురు పెద్దమనుషుల్లో కూర్చుని గుంట భూమి కూడా వదలకుండా మాట్లాడు, నీ పక్కనే ఉంటాను. కానీ బస్సు ఆగే చెట్టు దగ్గర పంతం పెట్టుకోవడాన్ని ఆత్మాభిమానం అంటే నేను ఒప్పుకోను.

ఈ పని మీ ఆయనతో చేయించకు. అన్నదమ్ములు ఎలాగూ మాట్లాడుకుంటూనే ఉంటారు, బిగుసుకున్నది మీరిద్దరు. బడి తెరిచే ముందు ఆదివారం పాపను తీసుకుని నువ్వే వాళ్లింటికి వెళ్లు. మిఠాయి పట్టుకుపోవద్దు, పాతవి తవ్వొద్దు. "అక్కా, పొల్లను నీ బిడ్డ పక్కన కూసోబెట్టుకోమను, చిన్నది గదా" అను. అంతే అనేసి వచ్చెయ్. ఆమె ఆ పిల్లకు పెద్దమ్మ. అడిగితే పెద్దమ్మ కాదంటుందని నేననుకోను. కాదన్నా సరే, సాయంత్రం నీ చోటు ఆ యాపచెట్టు కిందే.

పాపను తయారు చేయడానికి మిగిలిన రోజులు చాలు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది, కాబట్టి ఇప్పుడే అక్షరాలు రుద్దించాలన్న ఆత్రం పెట్టుకోకు. ఫీజు కట్టకముందు నన్ను అడిగి ఉంటే ఇంకో ఏడాది మీ ఊరి అంగన్‌వాడీకే పంపమనేదాన్ని. దానికి ఇప్పుడు కావాల్సింది చేతి పనులు. టిఫిన్ డబ్బా మూత తనే తీసుకోవాలి. గట్టి మూత కొన్నావా, మధ్యాహ్నం డబ్బా అట్లాగే ఇంటికొస్తుంది. ఇంట్లో నాలుగు రోజులు అదే డబ్బాలో అన్నం పెట్టి, నువ్వు ముట్టుకోకుండా చూడు. ఒంటికొస్తే టీచర్‌తో ఏమనాలో చెప్పించు, చెడ్డీ తనే దించుకుని ఎక్కించుకోవడం నేర్పు. తన పేరు, నాన్న పేరు, ఊరి పేరు, నీ ఫోన్ నంబర్ పాటలాగా పాడించు. రాత్రి సీరియల్ కట్టేసి తొమ్మిదింటికల్లా పడుకోబెట్టు. అప్పుడే పొద్దున బస్సు వేళకు ఏడవకుండా లేస్తుంది.

"బడికి పోతే టీచర్ కొడతది" అని ఇంట్లో ఎవరూ అనకూడదు, నవ్వులాటకు కూడా. మొదటి రోజు పాప చూడనప్పుడు చాటుగా వచ్చెయ్యకు. "సాయంత్రం చెట్టు దగ్గర ఉంటా" అని మొహం చూసి చెప్పు. ఏడుస్తుంది, ఏడవనీ. సాయంత్రం నువ్వు చెప్పిన చోట కనిపిస్తే రెండో రోజు ఏడుపు తగ్గుతుంది. ఆ చోటు మాత్రం రోజుకొకటి మారకూడదు.

నిన్ను చూసి మీ యారాలు మొహం తిప్పుకుంటే ఏం చేయాలని నీ మనసులో ఉంటుంది. తిప్పుకోనీ. అప్పుడు నువ్వు చూడాల్సింది బస్సు మెట్లు. బస్సు రాకముందే రోడ్డు దాటి చెట్టు కిందికి చేరు. ఆఖరి మెట్టు దగ్గరే పాప మణికట్టు పట్టుకో, వేలు కాదు, మణికట్టు. బస్సు కదిలి దూరం పోయి, రోడ్డు రెండు వైపులా కనబడేదాకా అక్కడే ఆగండి.