తండ్రీకొడుకుల తగవులోనే ఆధారం

ప్రశ్న: సెలవు రోజుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని 'సైక్' అనే అమెరికన్ డిటెక్టివ్ సిరీస్ చూస్తున్నాం. రెండు సీజన్లు పూర్తయ్యాయి. హంతకుడెవరన్న దానికంటే అందులోని తండ్రీకొడుకుల గొడవలే నాకు ఎక్కువగా నచ్చుతున్నాయి. హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేసిన మా మామగారు మాత్రం, బొంకి పోలీసులను నమ్మించేవాణ్ణి చూసి నవ్వుకోవడమేమిటని అభ్యంతరపెడుతున్నారు. అలాగని లేచి వెళ్లరు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఈ సిరీస్ కొనసాగించవచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నిస్సంకోచంగా కొనసాగించండి. మీకు నచ్చిన ఆ గొడవలు కథకు తగిలించిన అలంకారాలు కావు, అందులోని పరిశోధన అంతా వాటిలోంచే పుట్టింది. 2006లో ప్రసారమైన తొలి భాగాన్ని గుర్తు చేసుకోండి. పోలీసు ఉద్యోగి హెన్రీ స్పెన్సర్ హోటల్లో తన చిన్న కొడుకు షాన్‌ను కళ్లు మూసుకోమని, ఆ గదిలో ఎన్ని టోపీలున్నాయో చెప్పమని అడుగుతాడు. ఆ శిక్షణ వల్లనే పెద్దయ్యాక షాన్ టీవీ వార్తలు చూస్తూనే నేరస్థులను పసిగట్టి పోలీసులకు ఫోన్ చేయగలిగాడు. ఇంత కచ్చితంగా ఎలా తెలిసిందని వాళ్లు అతణ్ణే అనుమానించేసరికి, తప్పించుకోవడానికి తనకు అతీంద్రియ శక్తి ఉందని బొంకాడు. చాలా భాగాలు ఇలాంటి బాల్య దృశ్యంతోనే మొదలవుతాయి. తండ్రి మందలింపును శ్రద్ధగా వినేవారికి, ఆ తర్వాత రాబోయే కథ దేని చుట్టూ తిరుగుతుందో కొంత ముందే తెలుస్తుంది.

మీ మామగారి అభ్యంతరం న్యాయమైనదే. ఆ మాట అనే పాత్ర కూడా కథలోనే ఉంది. ఆయనలాగే పదవీ విరమణ చేసిన హెన్రీకి కొడుకు ఆడే నాటకం ఏమాత్రం ఇష్టం లేదు. డిటెక్టివ్ లాసిటర్ అయితే ఆ శక్తిని శంకిస్తూనే ఉంటాడు. షాన్ కనిపెట్టేవన్నీ అందరి కళ్లెదుటా ఉన్నవే. అతని చూపు పడిన వస్తువు తెరపై మెరుస్తుంది కదా, అక్కడ ఆపి, దాన్నిబట్టి ఏమి తేలుతుందో మామగారిని చెప్పమనండి. స్టేషన్లో ఏళ్లు గడిపిన మనిషి ఊహను మీ అబ్బాయి వినడం నాకు సిరీస్ కంటే విలువైనదిగా తోస్తుంది. టోపీల ఆటను కావలి రైల్వే ప్లాట్‌ఫారం మీద తాతామనవళ్లు ఆడుకోవచ్చు.

నవ్వు విషయానికొస్తే, అది చాలావరకు షాన్‌కూ, మందుల కంపెనీ ఉద్యోగం వదులుకోలేక అతని వెంట ఈడ్చుకుపోబడే బాల్యమిత్రుడు గస్‌కూ మధ్య పుట్టేదే, చనిపోయినవారి ఇంటి దుఃఖంలోంచి తీసినది కాదు.

మీరిప్పుడు మొదలుపెట్టబోయే మూడో సీజన్ తొలి భాగాన్ని మాత్రం తీరిగ్గా చూడండి. పోలీసు శాఖలో మనస్తత్వ నిపుణురాలైన షాన్ తల్లి మాడెలిన్ అందులో ఉంటుంది. తల్లిదండ్రులు విడిపోయిన కారణం గురించి అతడు చిన్ననాటి నుంచి నమ్మినది అక్కడ తారుమారవుతుంది. హెన్రీ కాఠిన్యం మీద మీకున్న అభిప్రాయం కూడా మారుతుందని నా నమ్మకం. అయితే 3, 4, 5 సీజన్ల చివరి భాగాల్లో వరుస హత్యల కథ తీవ్రంగా సాగుతుంది కనుక, అబ్బాయికి చూపించేముందు వాటిని మీరు ఒకసారి చూసి నిర్ణయించుకోండి. 2014లో ఎనిమిదో సీజన్‌తో సిరీస్ ముగిసింది. 2017, 2020, 2021ల్లో వచ్చిన మూడు చిత్రాలను ఆ తర్వాతే చూడాలి.