డిప్లొమా అయిన అబ్బాయిని కూలింగ్ టవర్ కంపెనీలో చేరనివ్వాలా?

తెనాలి నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్ళ అబ్బాయి ఈ ఏడే పాలిటెక్నిక్‌లో మెకానికల్ పూర్తి చేశాడంట, విజయవాడలో కూలింగ్ టవర్లు సర్వీస్ చేసే ఒక చిన్న కంపెనీ ట్రైనీగా రమ్మందంట. సైట్లేమో ఇబ్రహీంపట్నం వైపు ప్లాంట్లు, జగ్గయ్యపేట సిమెంట్ ఫ్యాక్టరీలు, గుంటూరు కోల్డ్ స్టోరేజీలు, టౌన్లో పెద్ద హాస్పిటళ్ళు. "నీళ్ళు కిందకి కారుతుంటే చూస్తా కూర్చునే ఉద్యోగానికా మూడేళ్ళు చదివించింది, డిప్లొమావాళ్ళు బీటెక్‌లో చేరే ఈసెట్ రాయించనా, హైదరాబాద్ పంపి సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించనా" అని అడిగారు.

అన్నగారూ, నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్కడ మీవాడి చేత రీడింగులు తీయించి, లెక్క వేయించి, రిపోర్ట్ రాయిస్తారంటే కళ్ళు మూసుకుని చేరనివ్వండి. పాచి కడిగించి, ఫిల్స్ (టవర్ లోపల నీళ్ళు పల్చగా పరుచుకునేలా పెట్టే పలకలు) మోయించి పంపేస్తారంటే వద్దు. ఈ రెండిటికీ మధ్య తేడా ఎంతుందో తెలియాలంటే అసలు ఆ టవర్ ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి, ఓపిగ్గా చదవండి, మీవాడితో కూడా చదివించండి.

ఏసీ ప్లాంటు కానివ్వండి కరెంటు ప్లాంటు కానివ్వండి, మెషీన్లోంచి వేడిని బయటికి పారేయాలి, ఆ వేడిలో చాలా వరకు నీళ్ళలోకి ఎక్కుతుంది. బొగ్గు ప్లాంట్లో కాల్చిన బొగ్గు వేడిలో మూడో వంతుకి కాస్త ఎక్కువ మాత్రమే కరెంటు అవుతుంది, దాదాపు సగం కండెన్సర్ (ఆవిరిని మళ్ళీ నీరుగా మార్చే భాగం) నీళ్ళలోకే పోతుంది. ఆ వేడి నీళ్ళని టవర్ పైకి పంప్ చేసి నాజిళ్ళతో చల్లుతారు, అవి ఫిల్స్ మీద పల్చగా పారుకుంటూ దిగుతాయి, ఎదురుగానో అడ్డంగానో గాలి లాగుతారు, కాసిని నీళ్ళు ఆవిరై మిగతా నీళ్ళ వేడిని పట్టుకుపోతాయి. 100 లీటర్లు తిరిగితే ఆవిరయ్యేది ఒక లీటరు పైచిలుకే, దానికే మిగతావి 7, 8 డిగ్రీలు దిగుతాయి. ఇంట్లో ఎండాకాలం పెట్టుకునే కూలర్ చేసేదీ ఇదే పని, కాకపోతే కూలర్లో మనకి కావాల్సింది చల్లగాలి, ఇక్కడ కావాల్సింది చల్లనీళ్ళు. పైన తెల్లగా లేచేది పొగ అనుకుంటారు చాలామంది, అది తడిగాలి అంతే. థర్మల్ ప్లాంట్లలో నడుం సన్నగా ఉండే పెద్ద కాంక్రీట్ టవర్లు ఉంటాయి చూడండి, వాటిలో ఫ్యాన్ కూడా ఉండదు, వేడెక్కిన తడిగాలి తేలికై తనంతట తనే పైకి లేస్తుంది. ఆ ఆకారం 1918లో నెదర్లాండ్స్‌లో వాన్ ఇటర్సన్ అనే ఇంజనీరు కట్టినప్పటి నుంచి నడుస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. టవర్ ఎంత చల్లబరచగలదు అనేది బయట ఎండ ఎంత అన్నదాని మీద ఉండదు, వెట్ బల్బ్ మీద ఉంటుంది. థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా తిప్పితే వచ్చే రీడింగే వెట్ బల్బ్. రోహిణి కార్తెలో మన బెజవాడ 44 డిగ్రీలకి పోయినా గాలి పొడిగా ఉంటే వెట్ బల్బ్ 28 దగ్గరే ఉండొచ్చు, అప్పుడు మంచి టవర్ 32 డిగ్రీల నీళ్ళు ఇస్తుంది, అంటే చుట్టూ ఉన్న గాలి కంటే 12 డిగ్రీలు చల్లగా. అదే శ్రావణంలో ముసురు పట్టి గాలి 33 ఉన్నా వెట్ బల్బ్ అదే 28 ఉందనుకోండి, టవర్ ఇచ్చేది అదే 32. "వాతావరణం ఇంత చల్లబడినా నీళ్ళు చల్లబడట్లేదేంటి" అని సూపర్‌వైజర్ మొత్తుకుంటాడు, టవర్ తప్పేం ఉండదు. వెట్ బల్బ్ కంటే కిందకి ఏ టవరూ దింపలేదు, దానికి 3 డిగ్రీల దగ్గరకి రావడమే చాలా గొప్ప, మామూలుగా 4, 5 ఉంటుంది.

ఆ గ్యాప్‌ని అప్రోచ్ అంటారు. వేడినీళ్ళకీ చల్లనీళ్ళకీ తేడాని రేంజ్ అంటారు. మీవాడు ఈ రెండిటినీ విడదీసి చూడటం నేర్చుకుంటే చాలు, సగం పని వచ్చినట్టే. ఒక లాగ్ షీట్ చూద్దాం. ఈ నెల లోపలికి వచ్చే నీళ్ళు 40, బయటికి పోయేవి 32, వెట్ బల్బ్ 28. రేంజ్ 8, అప్రోచ్ 4. రెండు నెలల తర్వాత లోపలికి 43, బయటికి 35, వెట్ బల్బ్ 28. ఆపరేటర్ ఏమంటాడంటే రేంజ్ 8 అలాగే ఉంది కదా సార్ టవర్ బానే ఉంది అంటాడు. కానీ అప్రోచ్ 4 కాస్తా 7 అయింది, ఎఫెక్టివ్‌నెస్ అంటే రేంజ్‌ని రేంజ్ ప్లస్ అప్రోచ్‌తో భాగిస్తే వచ్చేది 67 శాతం నుంచి 53కి పడిపోయింది. రేంజ్ అనేది మెషీన్ ఎంత వేడి పోస్తోంది, ఎన్ని నీళ్ళు తిరుగుతున్నాయి అన్నదాన్ని బట్టి వస్తుంది, టవర్ పాడైనా అది మారదు, టవర్ ఆరోగ్యం తెలిసేది అప్రోచ్‌లోనే. ఆ 3 డిగ్రీల ఖరీదు కూడా చెప్తాను, కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వాళ్ళ పుస్తకం ప్రకారం కూలింగ్ వాటర్ 1 డిగ్రీ పెరిగితే ఏసీ కంప్రెసర్ 2.7 శాతం ఎక్కువ కరెంటు తాగుతుంది, 3 డిగ్రీలంటే 8 శాతం, హాస్పిటల్లో 24 గంటలూ నడిచే చిల్లర్ (పెద్ద ఏసీ మెషీన్) మీద ఆ బిల్లు ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. ఈ ముక్క కాగితం మీద లెక్కేసి మేనేజర్ ముందు పెట్టగలిగిన కుర్రాడిని ఎవరూ ట్యాంకు కాపలా అనరు.

తర్వాత కారణం వెతకాలి, అక్కడే అనుభవం. నాజిళ్ళు మూసుకుపోయి నీళ్ళు ఒకవైపే పడుతుండొచ్చు, ఫిల్స్‌లో గార పేరుకుని గాలి దూరకపోవచ్చు, ఫ్యాన్ బెల్టు లూజై ఉండొచ్చు, బ్లేడ్ యాంగిల్ తప్పుండొచ్చు. బిల్డింగుల మీద ఇంకోటి, టవర్ కనపడకూడదని చుట్టూ రేకులు కొట్టేస్తారు, దాంతో పైనించి వదిలిన తడిగాలినే టవర్ మళ్ళీ పక్కనుంచి పీల్చుకుంటుంది. అలాంటి చోట వెట్ బల్బ్ గేటు దగ్గర తీస్తే 28 ఉంటుంది, టవర్‌లోకి గాలి దూరే లూవర్ల దగ్గర తీస్తే 30 ఉంటుంది. ఎక్కడ నిలబడి రీడింగ్ తీశాడన్నదే ముఖ్యం.

నీళ్ళ సంగతి ఇంకా పెద్దది. గంటకి 1000 క్యూబిక్ మీటర్లు తిరిగే టవర్లో రేంజ్ 8 ఉంటే గంటకి సుమారు 12 క్యూబిక్ మీటర్లు ఆవిరవుతాయి, ఆవిరయ్యేది శుభ్రమైన నీరే, ఉప్పులన్నీ టవర్ కింద తొట్టి, అంటే బేసిన్లోనే మిగిలి చిక్కబడతాయి, అందుకని కొంత నీరు బయటికి వదిలేయాలి, దాన్నే బ్లోడౌన్ అంటారు. ఉప్పు 3 రెట్లు చిక్కబడేదాకా ఆగితే గంటకి 6 క్యూబిక్ మీటర్లు వదలాలి, ట్రీట్‌మెంట్ బాగా చేసి 5 రెట్లదాకా ఆగగలిగితే 3 చాలు. రోజుకి 70 వేల లీటర్లకి పైనే మిగులు! సున్నపురాయి నేల కాబట్టి జగ్గయ్యపేట, పల్నాడు వైపు బోరు నీళ్ళకి గార త్వరగా కడుతుంది, కాలవ నీళ్ళతో అయితే కృష్ణకి వరదొచ్చినప్పుడు మట్టి వచ్చి ఫిల్స్‌లో కూర్చుంటుంది. ప్లాంట్‌ని బట్టి నీళ్ళలో కలిపే మందు మారాలి. కేంద్రం 2015 డిసెంబర్లో థర్మల్ ప్లాంట్లకి నీటి పరిమితి పెట్టింది, పాత ప్లాంట్లు మెగావాట్ అవర్‌కి, అంటే వెయ్యి యూనిట్ల కరెంటుకి 3.5 క్యూబిక్ మీటర్లు దాటకూడదని, అందుకే నీళ్ళ లెక్క తెలిసినవాడికి డిమాండ్ తగ్గదని నా నమ్మకం.

ప్రమాదం గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పాలి. టవర్లోకి దిగేముందు ఫ్యాన్‌కి కరెంటు తీసేసి తాళం వేసి ఆ తాళంచెవి దిగేవాడి జేబులోనే ఉండాలి, వేరేవాడి దగ్గర కాదు. ఆ నీళ్ళ తుంపర పీల్చకూడదు, మాస్క్ ఉండాలి. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సభకి వచ్చినవాళ్ళు న్యుమోనియాతో చనిపోతే ఆ వెతుకులాటలోనే లెజియోనెల్లా అనే బాక్టీరియా బయటపడింది, గోరువెచ్చని నీళ్ళంటే దానికి ఇష్టం, క్లోరిన్ సరిగా వేయని టవర్ దానికి మంచి నివాసం. ఈ రెండు విషయాల మీద కంపెనీవాళ్ళు నీళ్ళు నమిలితే అక్కడికి పిల్లాడిని పంపకండి.

ఈసెట్ సంగతికొస్తే, అది ప్రతి ఏడాదీ ఉంటుంది, ఒక ఏడాది పని చేసి రాసినా కొంప మునగదు, పైగా థర్మోడైనమిక్స్ క్లాసులో కూర్చున్నప్పుడు చెప్పేది కళ్ళకి కడుతుంది. ఉద్యోగం వదలకుండా చదవాలనుకుంటే వర్కింగ్ ప్రొఫెషనల్స్ కోసం ఏఐసీటీఈ ఒప్పుకున్న బీటెక్ సీట్లు కొన్ని కాలేజీల్లో ఉంటాయి, మీ దగ్గర్లో ఏ కాలేజీలో ఉన్నాయో కనుక్కోండి. ఈ కంపెనీ నచ్చకపోతే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో రిజిస్టర్ చేయించండి, డిప్లొమావాళ్ళకి ఏడాది అప్రెంటిస్‌షిప్ స్టయిపెండ్‌తో ఇస్తారు, పెద్ద ప్లాంట్లు కూడా దాని ద్వారా తీసుకుంటాయి. ముందు ముందు బీఈఈ పరీక్షలు ఉన్నాయి, డిప్లొమాతో 6 ఏళ్ళ అనుభవం ఉంటే ఎనర్జీ మేనేజర్ పరీక్ష రాయొచ్చు, ఎనర్జీ ఆడిటర్ పరీక్షకి ఇంజనీరింగ్ డిగ్రీతో 3 ఏళ్ళు ఉండాలి, నాలుగు పేపర్లు. ఆ పుస్తకాలు బీఈఈ సైట్లో ఫ్రీగా దొరుకుతాయి, మూడో పుస్తకంలో కూలింగ్ టవర్ చాప్టర్ ఇవాళే చదివించండి, చదివి వాడికి ఆసక్తి పుట్టిందా లేదా మీకే తెలిసిపోతుంది.

సాఫ్ట్‌వేర్ వద్దని నేను అనను. కానీ మీ ఉత్తరం మొత్తంలో అబ్బాయి ఏమన్నాడో ఒక్క ముక్క లేదు. వాడికి కంప్యూటర్ మీద ఇష్టం ఉంటే అది వేరే సంగతి, పక్కింటి అబ్బాయి వెళ్ళాడని మాత్రం పంపకండి. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, ఎండలో నిచ్చెనలెక్కాలి, ప్లాంటు ఆపి పనులు చేసే షట్‌డౌన్ అంటే పండగరోజు కూడా సైట్లో ఉండాల్సి రావొచ్చు, ఇవన్నీ వాడికి ముందే చెప్పి అడగండి.

ఇక చేరేముందు కంపెనీవాళ్ళని కొన్ని అడగాలి. మా అబ్బాయి చేతికి సైక్రోమీటర్ (వెట్ బల్బ్ కొలిచేది), టీడీఎస్ మీటర్ (నీళ్ళలో ఉప్పులు కొలిచేది) ఎప్పుడు ఇస్తారు, పర్ఫార్మెన్స్ టెస్ట్ జరిగేటప్పుడు పక్కన ఉంచుతారా, పీఎఫ్, ఈఎస్ఐ, సైట్ ఇన్సూరెన్స్ ఉన్నాయా. బాండ్ అడిగితే ఎన్నాళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వాళ్ళ దగ్గర ఉంచొద్దు, జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపించి తెచ్చేసుకోండి, ఈసెట్ కౌన్సెలింగ్‌కి అవే కావాలి.