ఆ ప్రశ్న ఎక్కడ దొరికిందో అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన ఆరు వ్యాసాలూ అందాయి. రెండుసార్లు చదివాను. మీ కళాశాలలో సామాజిక శాస్త్రాలు బోధించే ఆరుగురి గురించి రాయాలన్న ఆలోచన నీకు రావడమే నాకు ఎంతో నచ్చింది. పెద్ద విశ్వవిద్యాలయాల ఆచార్యుల మీద అభినందన సంచికలు వస్తాయి. చిన్న కళాశాలలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాళ్లు పదవీ విరమణ నాడు నాలుగు మంచి మాటలు విని ఇంటికి వెళ్తారు. వాళ్లు ఏం ఆలోచించారో, ఆ ఆలోచనకు మొదలెక్కడో ఎవరూ రాసిపెట్టరు. నువ్వు ఆ పనికి పూనుకున్నావు కనుక మొహమాటపడకుండా రాస్తున్నాను.

ఆరు వ్యాసాలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల వృత్తి, ఎం.ఏ. ఎక్కడ, పీహెచ్‌డీ ఎప్పుడు, ఎన్ని పత్రాలు, ఎన్ని సదస్సులు. పేర్లు తీసేసి కాగితాలు కలిపేస్తే ఏది ఎవరిదో పోల్చుకోలేను. ఇందులో ఒక్క అబద్ధమూ లేదు, నిజమే. కానీ ఈ వివరాలన్నీ కళాశాల కార్యాలయంలోని దస్త్రంలో ఇప్పటికే ఉన్నాయి. నువ్వు వెళ్లి ఎదురుగా కూర్చుని మాట్లాడింది వాటికోసం కాదు కదా.

ఒక్క వాక్యం దగ్గర మాత్రం నా కళ్లు ఆగిపోయాయి. అర్థశాస్త్రం అధ్యాపకురాలి గురించి, ‘కొంతకాలం బ్యాంకులో పనిచేసి, తరువాత బోధనలోకి వచ్చారు’ అని రాశావు. ఆ వెంటనే ఆవిడ పీహెచ్‌డీ సంవత్సరానికి వెళ్లిపోయావు. అక్కడ ఆగి ఉండవలసింది. బ్యాంకులో ఆవిడ ఏ బల్ల దగ్గర కూర్చున్నారు? అప్పు కోసం వచ్చినవాళ్ల దరఖాస్తులు చూశారా? ఎలాంటి కాగితాన్ని వెనక్కి పంపమని పైవాళ్లు చెప్పేవారు? ఈరోజు తరగతిలో ‘రుణం’ అన్న మాట పలికినప్పుడు ఆవిడకు ఎవరి ముఖం గుర్తొస్తుంది? ఒక మనిషికి తన ప్రశ్న దొరికిన చోటునే నేను నేపథ్యం అంటాను. పుట్టిన ఊరు ఒక్కోసారి ఆ చోటు అవుతుంది, చాలాసార్లు కాదు.

సామాజిక శాస్త్రాల్లో ఇది మరీ ముఖ్యం. రసాయన శాస్త్రవేత్త తాను పరీక్షించే ద్రావణానికి బయట నిలబడతాడు. కుటుంబాన్ని, సంతను, ఓటును, కూలిని చదివేవాళ్లు వాటి లోపలే బతుకుతూ వాటిని చదువుతారు. పైగా ఈ శాస్త్రాల్లోకి పక్కదారిన వచ్చినవాళ్లు చాలామంది. మానవశాస్త్రవేత్తగా పేరొందిన ఫ్రాంజ్ బోయాస్ 1881లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందింది భౌతికశాస్త్రంలో, నీటి రంగు మీద. రెండేళ్ల తరువాత భూగోళ పరిశోధనకని ఉత్తర కెనడాలోని బాఫిన్ దీవికి వెళ్లి అక్కడి ఇన్యూట్ ప్రజల మధ్య గడిపారు. మానవశాస్త్రం ఆయనకు అక్కడ ఎదురైంది.

కోశాంబి సంగతి ఇంకా దగ్గరగా చూడు. దామోదర్ ధర్మానంద్ కోశాంబి పుణెలోని ఫెర్గుసన్ కళాశాలలో గణితం చెప్పేవారు. గణాంకశాస్త్రం సొంతంగా నేర్చుకోవడానికి చేతికి అందే సమస్య ఒకటి కావలసి వచ్చింది. పాత విద్ధాంక నాణేలను, అంటే లోహపు ముక్కల మీద గుర్తులు కొట్టి చేసిన ప్రాచీన నాణేలను, తూకం వేయడం మొదలుపెట్టారు. చేతులు మారేకొద్దీ నాణెం అరుగుతుంది, రవ్వంత బరువు తగ్గుతుంది. ఆ తరుగును బట్టి అది ఎంతకాలం చలామణీలో ఉందో అంచనా కట్టవచ్చు. లెక్క తేలింది కానీ మరో ప్రశ్న లేచింది: వీటిని ముద్రించింది ఎవరు? దానికి జవాబు వెతుకుతూ ప్రాచీన గ్రంథాల్లోకి, అక్కడినుంచి చరిత్రలోకి వెళ్లారు. భారత చరిత్ర అధ్యయనానికి ప్రవేశికగా ఆయన రాసిన పుస్తకం 1956లో వచ్చింది. తండ్రి ధర్మానంద్ పాళీ భాషలో పెద్ద పండితుడు, బౌద్ధ విద్వాంసుడు. అదీ నేపథ్యమే, కాదనను. కానీ ‘పండితుడి కుమారుడు’ అని రాసి ఊరుకుంటే ఆ త్రాసు కనబడకుండా పోతుంది. పాఠకుడికి ఆ త్రాసు చూపించాలి.

అమెరికా పరిశోధకురాలు ఎలినోర్ ఆస్ట్రమ్ గురించి కూడా చెబుతాను, ఎందుకంటే నీ బ్యాంకు ఉద్యోగిని గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఈవిడ గుర్తొస్తున్నారు. డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి వెళ్తే, ఆడపిల్లవు, గుమాస్తా పనో బడిపంతులు పనో చూసుకోమన్నట్టుగా ఉండేది లోకం తీరు. పోస్టు ద్వారా షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని ఎగుమతుల విభాగంలో గుమాస్తాగా చేరారు. తరువాత అర్థశాస్త్రంలో పరిశోధన చేద్దామంటే తగినంత గణితం చదవలేదన్నారు. బడిలో ఆడపిల్లలకు గణితం ఎందుకని వద్దన్నదీ ఆ లోకమే. రాజనీతిశాస్త్రంలో చేరారు. లాస్ ఏంజెలిస్ దగ్గర భూగర్భ జలాలను తోడేస్తుంటే సముద్రపు ఉప్పునీరు లోపలికి చొరబడుతున్న ఒక పరీవాహక ప్రాంతం ఆవిడ పరిశోధనకు వచ్చింది. ఆ నీటిని పంచుకునేవాళ్లు తమలో తాము ఏ కట్టుబాట్లు చేసుకుంటున్నారో చూశారు. 1965లో పీహెచ్‌డీ. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. నాకు అన్నిటికన్నా విలువైన వివరం వేరే ఉంది. గుమాస్తా పనికని నేర్చుకున్న ఆ షార్ట్‌హ్యాండ్, తరువాత మనుషుల ఎదుట కూర్చుని వాళ్లు చెప్పేది రాసుకోవడానికి పనికొచ్చిందని ఆవిడే చెప్పుకున్నారు. ఇలాంటి వివరం ఏ దస్త్రంలోనూ ఉండదు. అడిగితేనే దొరుకుతుంది.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, శ్రమ మీద పరిశోధన చేసిన ఒక అధ్యాపకుడి గురించి వ్యాసం రాశాను. ‘కార్మిక కుటుంబంలో పుట్టారు కనుక శ్రమజీవుల జీవితాన్నే పరిశోధనాంశంగా ఎంచుకున్నారు’ అని రాసి, చాలా బాగా వచ్చిందనుకున్నాను. అచ్చయ్యాక తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన నిదానంగా చదివి, పెన్సిల్ తీసుకుని, ఒక్క ‘కనుక’ కింద గీత గీశారు. మా అన్నా చెల్లెలూ ఆ ఇంట్లోనే పుట్టారు, వాళ్లెవరూ ఈ దారికి రాలేదు అన్నారు. ఎం.ఏ. చదువుతుండగా ఖర్చులకోసం ఒక సర్వేలో కాగితాలు నింపే పనికి వెళ్లారట. ‘వృత్తి’ అన్న గడిలో ఇంట్లో ఉండే స్త్రీలందరికీ ‘ఏమీ లేదు’ అని రాయమని చెప్పారట. ఆయన ఆ రెండు మాటలూ రాస్తున్నంతసేపూ ఎదురుగా ఉన్న ఆవిడ బుట్ట అల్లుతూనే ఉంది. ఆ బుట్ట అమ్మకానికే. ఆయన ప్రశ్న ఆ గడిలో దొరికింది. అంత మంచి సంగతి నాకు తెలియకుండా పోవడానికి కారణం, జవాబు నాకు ముందే తెలుసని అనుకోవడం.

అంబేడ్కర్ విషయంలో మనం ఎంతమందిమి ఈ పొరపాటే చేస్తున్నామో చూడు. 1916లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర సెమినార్‌లో కులం మీద పత్రం చదివిన మనిషిగా ఆయనను గుర్తుపెట్టుకుంటాం. ఆయన అనుభవించినదానికీ ఆ పత్రానికీ ఉన్న సంబంధం ఎవరికైనా అర్థమవుతుంది. మరి 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో రాజకీయ అర్థశాస్త్రం బోధించిన అధ్యాపకుడు? 1923లో రూపాయి సమస్య మీద, ద్రవ్య విధానం మీద పుస్తకం ప్రచురించిన ఆర్థికవేత్త? పుట్టుక నుంచి నేరుగా గీత గీస్తే ఆ మనిషి సగం కనబడడు. అదే కళాశాలలో తోటి అధ్యాపకులు కొందరు ఆయన తమ మంచినీళ్ల కుండ ముట్టడానికి అభ్యంతరం చెప్పారన్నదీ నిజం. ఆ కుండా, ఆ రూపాయి పుస్తకమూ ఒకే జీవితంలోవి. రెండూ రాయి. ఒకదాన్ని రెండోదానికి కారణంగా కట్టెయ్యకు.

మీది చిన్న కళాశాల కావడం నీకు అనుకూలించే విషయం. అక్కడ ఒకే మనిషి మూడు శాస్త్రాలు చెప్పవలసి వస్తుంది. చరిత్రలో డాక్టరేట్ ఉన్నవారు రాజనీతిశాస్త్రం తరగతి తీసుకుంటారు. దీన్ని లోపంగా రాశావు, తొందరపడ్డావు. సమాజశాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకరైన దుర్ఖైమ్ 1887లో ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు ఆయన ప్రధానంగా చెప్పవలసింది బోధనాశాస్త్రం, అదీ ఉపాధ్యాయులకు. సామాజిక శాస్త్రం దాని పక్కన చేరింది. అక్కడున్న 15 ఏళ్లలోనే శ్రమ విభజన మీద, ఆత్మహత్య మీద ఆయన ప్రసిద్ధ గ్రంథాలు వచ్చాయి. మీ అధ్యాపకులను కూడా అడుగు: తాము చదవని విషయాన్ని చెప్పవలసి వచ్చిన మొదటి ఏడాది రాత్రులు ఎలా గడిచాయి? ఆ పాఠం చెబుతూ తమ సొంత విషయంలో ఏం కొత్తగా కనబడింది?

ఖాళీ సంవత్సరాలను దాటెయ్యకు. అమెరికా ఆర్థికవేత్త థోర్‌స్టైన్ వెబ్లెన్ 1884లో యేల్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుని, ఉద్యోగం దొరకక, ఏడేళ్లలో ఎక్కువ కాలం పొలాల మధ్య ఇంట్లో చదువుకుంటూ గడిపారు. జీవిత వివరాల పట్టికలో అది తెల్లటి జాగా. నీ సమాజశాస్త్రం అధ్యాపకుడికీ నాలుగేళ్లు అలాంటివే కనబడుతున్నాయి.

ఇక పని ఎలా చేయాలంటే, వెళ్లేముందు వాళ్ల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు గ్రంథాలయంలో తీసి చూడు. మొత్తం చదవలేకపోతే కృతజ్ఞతల పేజీ అయినా చదువు. మార్గదర్శకుడి పేరు తరువాత ఎవరి పేరుందో చూడు. టైపు చేసిపెట్టిన మిత్రుడో, ఇంటింటికీ తోడు తిరిగిన వ్యక్తో, ఇల్లు చూసుకున్న తల్లో ఉంటారు. ఆ పేరు ఎత్తితే మాట వేరే దారి పడుతుంది. గ్రంథంలోంచి తీసేసిన అధ్యాయం ఏదైనా ఉందా అని అడుగు. నా అనుభవంలో ఈ ప్రశ్నకు ఎవరూ ముక్తసరిగా జవాబు చెప్పలేదు.

వాళ్లు నమ్మి చెప్పిన కుటుంబ విషయాల్లో జాగ్రత్తగా ఉండు. పేరు మార్చి రాస్తానంటున్నావు. మీ కళాశాలలో సమాజశాస్త్రం చెప్పేది ఒక్కరే. పేరు మారిస్తే ఎవరికి తెలియకుండా ఉంటుంది? అచ్చుకు ముందు ఎవరిది వాళ్లకు చూపించు. పొగడ్త పెంచమంటే ఒప్పుకోకు. ఇది రాయవద్దంటే మాత్రం మారు మాట్లాడకుండా తీసెయ్యి.

ముందు ఆ అర్థశాస్త్రం మేడమ్ దగ్గరికి మళ్లీ వెళ్లు. బ్యాంకు గురించి తప్ప మరేమీ అడగకు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ‘కనుక’ అన్న మాట వాడకుండా కొత్త వ్యాసం రాసి పంపు. మిగతా అయిదూ అది వచ్చేదాకా నా దగ్గరే ఉంటాయి.

నీ శ్రేయోభిలాషి