ట్రైలర్ ధర 36 వేలు కాదు

ప్రశ్న: మేం డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. నాది హెచ్-1బి వర్క్ వీసా, మా ఆవిడ నా మీద ఆధారపడ్డ హెచ్-4 వీసాతో, ఈఏడీ అనే ఉద్యోగ అనుమతి మీద పనిచేస్తోంది. ఇద్దరు పిల్లలు. 2021 టయోటా టకోమా వీ6 డబుల్ క్యాబ్ ట్రక్ ఉంది, దాని మీద ఇంకా 11 వేల డాలర్ల లోన్ ఉంది. ట్రక్ వెనక తగిలించుకుని వెళ్లి లోపలే బస చేసే 24 అడుగుల క్యాంపర్ ట్రైలర్ ఒకటి చూశాం. అన్నీ కలిపి 36 వేలు. 4 వేలు డౌన్ పేమెంట్ కడితే మిగతా 32 వేలకు 12 ఏళ్ల లోన్, 8.5 శాతం వడ్డీ, నెలకు 355 డాలర్లు. మా ట్రక్ 6,400 పౌండ్లు లాగుతుందని, ట్రైలర్ 4,700 పౌండ్లేనని, వడ్డీకి టాక్స్ మినహాయింపు కూడా ఉందని డీలర్ చెప్పాడు. బోనస్ 14 వేలు చేతికొచ్చింది. అత్యవసరానికి బ్యాంకులో 18 వేలు ఉన్నాయి, నెల ఖర్చు 7,200 దాకా అవుతుంది. వేసవిలో గుంటూరు నుంచి మా అత్తమామలు వస్తున్నారు, వాళ్లకు కొండలన్నీ చూపించాలని కోరిక. హోటల్ ఖర్చు మిగులుతుంది కదా, కొనేయమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో నాకు ముందు తట్టింది వడ్డీ కాదు, సీట్లు. మీరు నలుగురు, అత్తమామలు ఇద్దరు. మీ ట్రక్‌లో సీట్లు ఐదు. అంటే ఎవరి కోసం ట్రైలర్ కొంటున్నారో వాళ్లతో వెళ్లే మొదటి ప్రయాణంలోనే వెనకాల ఇంకో కారు రావాలి. డీలర్ ఈ మాట ఎందుకు అడగలేదంటే, ఆయన అమ్మేది ట్రైలర్, మీ ప్రయాణం కాదు.

ఇక బరువు సంగతి. డబ్బు ప్రశ్నకి బరువుతో ఏం పని అంటారేమో. మీ విషయంలో డబ్బంతా అక్కడే ఉంది.

4,700 అనేది ఖాళీ ట్రైలర్ బరువు. అందులో నీళ్లు లేవు, పక్కబట్టలు లేవు, బియ్యం, కుక్కర్, ఊరగాయ జాడీలు లేవు. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే అవే 330 పౌండ్లు. బ్యాటరీ, గ్యాస్ సిలిండర్లు, సామాన్లు కలిపితే కుటుంబంతో కదిలే ట్రైలర్ 5,700 దాకా తేలుతుంది. ఇదీ 6,400 లోపే కదా అంటారు. నిజమే, కానీ మీ ట్రక్‌కి ముందు అడ్డుపడేది ఆ 6,400 కాదు. డ్రైవర్ వైపు తలుపు తీస్తే ఫ్రేమ్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాన్లు కలిపి ఇంతకు మించకూడదని దాని మీద ఒక అంకె రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. మీ తరహా ట్రక్కుల్లో అది తరచుగా 1,100 అటూ ఇటూ ఉంటుంది.

ట్రైలర్ ముందు భాగం ట్రక్ మీద ఆనే బరువు, అంటే టంగ్ వెయిట్, మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకంటే తక్కువైతే ట్రైలర్ వెనక ఊగడం మొదలుపెడుతుంది. 13 శాతం వేసుకుంటే 5,700లో 740 పౌండ్లు. ట్రైలర్‌ని ట్రక్‌కి తగిలించి బరువును సర్దే హిచ్ ఇంకో 80. 1,100 లోంచి ఈ 820 తీసేస్తే మిగిలేది 280. మీరూ మీ ఆవిడా ఎక్కేసరికే అది అయిపోయింది. పిల్లలు, కూలర్, ట్రక్ వెనక కట్టిన సైకిళ్లు అన్నీ అదనం. ఆ హిచ్ బరువును కొంత వెనక్కి నెడుతుంది కానీ స్టిక్కర్ మీద అంకెను పెంచదు.

కొండల మాటకొస్తే, ఈ లాగే సామర్థ్యాన్ని కొలిచే ఎస్ఏఈ జె2807 పరీక్షలో ఎత్తు ఎక్కించేది అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర రోడ్డు మీద. నిప్పులు చెరిగే ఎండ, ఏసీ ఆన్, 11 మైళ్ల ఎక్కుడు. కష్టమైన పరీక్షే. కానీ ఆ రోడ్డు వెయ్యి అడుగుల లోపు మొదలై 3,500 దగ్గర ముగుస్తుంది. మీ ఇంటి వాకిలే 5 వేల అడుగుల పైన ఉంది! ఐ-70 హైవే మీద ఐసన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగులు దాటి ఉంటుంది. పైకెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి, గాలిని అదనంగా నెట్టే టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. మీ వీ6కి టర్బో లేదు. దాని 278 హార్స్‌పవర్ టన్నెల్ దగ్గరికి చేరేసరికి 190 చుట్టుపక్కల పడిపోతుంది, ట్రైలర్ బరువు మాత్రం తగ్గదు.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. టన్నెల్ నుంచి సిల్వర్‌థోర్న్ వైపు 7 శాతం వాలు. బ్రేకులు పోయిన లారీల కోసం పక్కన కంకర దారులు ఊరికే కట్టలేదు. నేనూ ఒకసారి చిన్న ట్రైలర్ అద్దెకు తెచ్చి అక్కడ దిగాను. గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే కిందికొచ్చేసరికి కాలిన వాసన, అర చేతుల్లో చెమట. కొలరాడోలో 3 వేల పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. వాటిని నడిపే కంట్రోలర్ మీ ట్రక్‌లో విడిగా పెట్టించుకోవాలి, అదో ఖర్చు.

ఇప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే నా దగ్గరికొచ్చిన వాళ్లలో ఇది చూశాను. మొదటి వేసవి భయంభయంగా లాగుతారు. రెండో ఏడాది, ట్రైలర్ ఎలాగూ ఉంది కాబట్టి పెద్ద ట్రక్ తీసుకుందాం అంటారు. కౌపీన సంరక్షణార్థం అన్న కథ మనకు తెలిసిందే. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చాడు, పిల్లికి పాల కోసం ఆవు, ఆవుని మేపడానికి మనిషి, చివరికి సంసారం. పాత ట్రక్ ఇచ్చేయగా కొత్త దానికి ఇంకో 30 వేలు లోన్ తీశారనుకోండి. 7 శాతం వడ్డీకి ఆరేళ్లలో తీర్చాలంటే నెలకు 511. ట్రైలర్ 355తో కలిపి 866 అవుతుంది. మీ ముందున్న అసలు ధర ఇది.

పెద్ద ట్రక్ మాట పక్కన పెట్టినా హోటల్ ఖర్చు మిగులుతుందన్న లెక్క నిలవదు. ఏడాదికి ఈఎంఐలు 4,260. మీ కమ్యూనిటీలో ఇంటి ముందు ట్రైలర్ పెట్టనివ్వకపోతే నిలిపే చోటుకు నెలకు 100 చొప్పున 1,200. ఇన్సూరెన్స్ 400 వేసుకోండి. కారు పాలసీ ట్రైలర్ వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టాన్ని సాధారణంగా చూసుకుంటుంది, ట్రైలర్‌కే దెబ్బ తగిలితే విడిగా పాలసీ ఉండాలి. పైగా మీ దగ్గర వడగళ్లు ఎలా పడతాయో మీకే తెలుసు. చలికాలం ముందు పైపుల్లో నీళ్లు తీసేయడం, బేరింగులు, వాడినా వాడకపోయినా ఐదారేళ్లకు మార్చాల్సిన టైర్లు కలిపి ఇంకో 500. ఇవి నా అంచనాలు, మీ ధరలతో సరిచూసుకోండి. మొత్తం 6,360. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ బడికెళ్లే పిల్లలతో ఏడాదికి 16 రాత్రులు వెళ్లడమే గొప్ప. రాత్రికి దాదాపు 400 పడింది, క్యాంప్ సైట్ అద్దె, పెట్రోలు కాక. ఈఎంఐలో కొంత అసలు తీరుతుంది కదా అంటారా, తీరుతుంది. మొదటి ఏడాది మొత్తం మీద 1,600. ట్రైలర్ విలువ అంతకంటే వేగంగా పడిపోతుంది.

టాక్స్ మాట సగం నిజం. పడుకునే చోటు, వంటగది, బాత్రూమ్ ఉండి, లోన్ ఆ ట్రైలర్ మీదే ఉంటే దాన్ని రెండో ఇల్లుగా చూపించి వడ్డీ మినహాయింపు అడగొచ్చు. కానీ భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే ఏ ఖర్చూ చూపించకపోయినా దొరికే స్టాండర్డ్ డిడక్షనే 2025కి 31,500. ఇంటి లోన్ వడ్డీ, ఆస్తి పన్ను, రాష్ట్ర పన్ను, ఈ ట్రైలర్ మొదటి ఏడాది వడ్డీ 2,660 అన్నీ కలిపినా అది దాటకపోతే మీకు వచ్చే లాభం సున్నా. పోయినేడు రిటర్న్ తీసి ఐదు నిమిషాలు చూసుకోండి చాలు.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మీ వీసా. హెచ్-1బి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మీ ఆవిడ హెచ్-4 మీ స్టేటస్ మీదే నడుస్తుంది. కాబట్టి మీ ఇంట్లో రెండు జీతాలున్నా ఆధారం ఒక్కటే. మూడేళ్ల తర్వాత కూడా ఈ ట్రైలర్ మీద 26,700 బాకీ ఉంటుంది. ఆ రోజు మార్కెట్లో అంత పలుకుతుందని నేను అనుకోను. అమ్మాలంటే చేతి నుంచే డబ్బు ఎదురు కట్టాలి, అదీ జీతం లేని నెలలో, బహుశా జనవరిలో, కొనేవాడు కనిపించనప్పుడు. మీ దగ్గరున్న 18 వేలు రెండున్నర నెలలకే సరిపోతాయి.

అందుకని ఈ ఏడాది కొనొద్దు. బోనస్‌లో 10 వేలు అత్యవసర నిధిలో వేయండి, దాదాపు నాలుగు నెలల ఖర్చు అవుతుంది. డౌన్ పేమెంట్ అనుకున్న ఆ 4 వేలే ఈ వేసవికి ఖర్చు పెట్టండి, హాయిగా. ఏడు సీట్ల మినీవ్యాన్ అద్దెకు తీసుకుంటే ఆరుగురూ ఒకే బండిలో మాట్లాడుకుంటూ వెళ్తారు. పిల్లలకు ట్రైలర్ సరదా తీరాలంటే అవుట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ లాంటి అద్దె వెబ్‌సైట్లలో కొందరు ఓనర్లు ట్రైలర్‌ని వాళ్లే లాక్కొచ్చి క్యాంప్ సైట్‌లో నిలబెట్టి వెళ్తారు. ఐ-70 మీద చెమటలు వాళ్లకే. రెండు మూడు రాత్రులు అలా ఉండండి. మిగతా రోజులకు గోల్డెన్ గేట్ కెన్యన్ స్టేట్ పార్క్‌లో క్యాబిన్లున్నాయి, మీకు దగ్గరే. బాత్రూమ్ మాత్రం ఆ క్యాబిన్ల లోపల ఉండదు, బయటికి నడవాలి; మామగారికి మోకాళ్ల నొప్పులుంటే అది ముందే చూసుకోండి. అంత ఎత్తులో నీళ్లు త్వరగా మరుగుతాయి కానీ అన్నం త్వరగా ఉడకదు, కుక్కర్ మాత్రం మర్చిపోకండి.

ఈ నెల నుంచే 355 విడి ఖాతాలోకి వేయండి. కష్టంగా అనిపిస్తే ఈఎంఐ కూడా కష్టమయ్యేదే అని ముందే తెలిసిపోతుంది. రెండేళ్లకు 8,500 పోగవుతుంది, ఆలోగా ట్రక్ లోన్ కూడా చాలావరకు తీరుతుంది. అప్పటికీ మనసు అటే లాగితే 2,500 పౌండ్ల లోపు, మడిచి పెట్టే పాపప్ క్యాంపర్ వాడింది నగదుకే కొనొచ్చు. దాన్ని మీ టకోమా టన్నెల్ దాకా గొణక్కుండా లాగుతుంది. కొన్నాక ఒకసారి సామాన్లతో, కుటుంబంతో సహా లారీ స్టాపుల్లో బండి బరువు తూచే క్యాట్ స్కేల్ ఎక్కించండి, 20 డాలర్ల లోపే.

కొలరాడో స్టేట్ పార్కుల బుకింగ్ ఆరు నెలల ముందే తెరుచుకుంటుంది, జూలై వారాంతాలు ముందే అయిపోతాయి. అత్తమామల టికెట్లు ఖరారైన రోజే క్యాబిన్ చూసుకోండి. తలుపు స్టిక్కర్ మీద అంకె నేను వేసుకున్న 1,100 కంటే బాగా ఎక్కువుంటే ఫొటో పంపండి, బరువు లెక్క మళ్లీ వేద్దాం.