కోయిట్‌లో మనం, మన వీధిలో వాళ్లు

ప్రశ్న: మా అన్న ఇరవై రెండేళ్లుగా కోయిట్‌లో (కువైట్‌లో) డ్రైవరు పని చేస్తున్నాడు. ఈ మధ్య ఒడిశా, బీహార్ కుర్రవాళ్లు కొందరు భవన నిర్మాణ పనులకు మా ఊరు వచ్చి, మా వీధిలో ఇల్లు అద్దెకు అడిగారు. ఇవ్వకూడదని పెద్దలు తీర్మానించారు, నేనూ తలూపాను. వాళ్లకు తెలుగు రాదు, పైగా తక్కువ కూలికి ఒప్పుకొని మావాళ్ల నోటికాడి కూడు లాక్కుంటున్నారు. ఈ సంగతి ఫోనులో చెబితే అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఈడ మమ్మల్ని గూడా ఇట్లే అంటార్రా" అన్నాడు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. మేము చేసింది తప్పా?
— ఒక పాఠకుడు, రాజంపేట

జవాబు: ఇల్లు ఇవ్వకపోవడం తప్పే. కూలి గురించి మీరు పడుతున్న బాధ మాత్రం తప్పు కాదు.

మీ అన్న ఎందుకు మౌనంగా ఉండిపోయారో ఊహించడం కష్టం కాదు. 2020లో, కరోనా కాలంలో, చమురు ధర పడిపోయినప్పుడు, జనాభాలో 70 శాతంగా ఉన్న విదేశీయులను 30 శాతానికి తగ్గించాలని కువైట్ ప్రధాని బహిరంగంగానే అన్నారు. మరుసటి నెలలో, భారతీయుల సంఖ్య ఆ దేశ జనాభాలో 15 శాతానికి మించరాదన్న ముసాయిదా అక్కడి పార్లమెంటు కమిటీ పరిశీలనకు వచ్చింది. అది అమలైతే ఎనిమిది లక్షల మంది మనవాళ్లు వెనక్కి రావలసి ఉంటుందని అప్పటి పత్రికలు లెక్కగట్టాయి. ఆ కోటా ఆ రూపంలో అమలులోకి రాలేదు గానీ, రాజంపేట, రాయచోటి పల్లెల్లో ఆ వార్త విన్న ఇళ్లలో ఎంత కలవరం రేగి ఉంటుందో మీకే బాగా తెలుసు. కువైటీల వైపు నుంచి చూసినా, సొంత దేశంలో తాము మూడోవంతే మిగిలామన్న భయం ఉత్తది కాదు, దాన్ని తేలికగా కొట్టిపారేయలేం. అయితే వాళ్ల ఇళ్లలో వంట చేసేదీ, బిడ్డలను ఎత్తుకొని తిరిగేదీ, బండి నడిపేదీ ఆ బయటివాళ్లే. ఇంకో ఇరవై ఏళ్లు పనిచేసినా మీ అన్న అక్కడి పౌరుడు కాలేరు. అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, రద్దయిన రోజున పెట్టె సర్దుకోవలసిందే.

మీ వీధికి వచ్చిన ఒడిశా కుర్రవాడి సంగతి అలాంటిది కాదు. అతను పరదేశి కాడు, మీరు దయతలచి ఆదరించవలసిన అతిథీ కాడు. దేశంలో ఎక్కడికైనా పోయి నివసించే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణం మీకెంత ఇచ్చిందో అతనికీ అంతే ఇచ్చింది. ఆదోని, కోసిగి పల్లెల నుంచి ఇళ్లకు తాళాలు వేసుకొని, పిల్లాజెల్లాతో సుగ్గికి, అంటే పంటకోత కాలపు వలసకు, గుంటూరు మిరప చేలకు పోయేవాళ్లు, అనంతపురం నుంచి బెంగళూరు పనులకు పోయేవాళ్లు ఆ హక్కు మీదనే పోతున్నారు.

ఇక కూలి మాట. తక్కువ కూలికి ఒప్పుకున్నవాడిని మీరు తప్పుపడుతున్నారు, ఆ తక్కువను నిర్ణయించి మిగులు జేబులో వేసుకున్న మేస్త్రీ ప్రస్తావన మాత్రం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీకి, పక్కనే అదే పని చేసే స్థానికుడికి ఇచ్చే దాని కంటే తక్కువ ఇవ్వరాదని 1979లోనే పార్లమెంటు చట్టం చేసింది, 2025లో దాని స్థానంలో కొత్త కార్మిక స్మృతి వచ్చింది. వలస కూలీని కాపాడటానికి చేసిన ఆ నియమం స్థానిక కూలీని కూడా కాపాడేదే, ఎందుకంటే ఇద్దరికీ ఒకే కూలి ఇవ్వవలసి వస్తే మేస్త్రీకి దూరం నుంచి మనుషులను తెచ్చే అవసరమే చాలావరకు తగ్గుతుంది. మీ పెద్దలు అడగవలసింది మేస్త్రీని. ఆ కుర్రవాళ్లను పక్కన నిలబెట్టుకొని అడిగితే మీ బలమూ పెరుగుతుంది.

భాష విషయంలో మీ మాటకు లోకమంతటా మద్దతు ఉంది. అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ 2016లో పలు దేశాల్లో జరిపిన సర్వేలో, నిజమైన అమెరికన్ అనిపించుకోవడానికి ఇంగ్లీషు రావడం చాలా ముఖ్యమని అక్కడివారిలో 70 శాతం మంది చెప్పారు. అక్కడే పుట్టి ఉండాలన్నది చాలా ముఖ్యమన్నవారు 32 శాతమే. పుట్టుకను ఎవరూ మార్చుకోలేరు, భాషను నేర్చుకోగలరు కాబట్టి ఈ తేడా నాకు ఆశ కలిగిస్తుంది. కానీ నేర్చుకోవాలంటే ఆ భాష చెవిన పడాలి గదా. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సీపీ బ్రౌన్ దొర తెలుగు కోసం జీతాలిచ్చి పండితులను తన బంగళాలోనే పెట్టుకోగలిగాడు. ఈ కుర్రవాడికి ఆ వీలు లేదు. మీరు ఇల్లు ఇవ్వకపోతే ఆ కుర్రవాడు పని స్థలంలోని రేకుల షెడ్డులో, తన ఊరివాళ్ల నడుమనే పడుకుంటాడు. అక్కడ అతనికి తెలుగు వినిపించేది మేస్త్రీ తిట్లలోనే. మీ వీధిలో ఉంటే పాలవాడితో, అంగడివాడితో, మీ పిల్లలతో మాట్లాడక తప్పదు.

ప్రశ్న: అమెరికాలో పుట్టిన మా మనవడు బడిలో ఆ దేశపు జాతీయ గీతం పాడుతున్న వీడియో పంపారు. గుండె బరువెక్కింది. వాడు మనవాడు కాకుండా పోయినట్టేనా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: లేదమ్మా. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడు, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోరితే, అతను తెల్లజాతివాడు కాడన్న కారణంతో అక్కడి సుప్రీంకోర్టు కాదన్నది. భారతీయులకు ఆ తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు. మీ మనవడు ఆ పాటను తనదిగా పాడుతున్నాడంటే, థిండ్‌కు దక్కని చోటు వాడికి దక్కింది. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండవచ్చు. ఓటు మాత్రం ఉండదు, సాగుభూమి కొనడానికీ వీలుండదు. ఫోనులో వాడితో తెలుగులోనే మాట్లాడండి, వాడు ఇంగ్లీషులో బదులిచ్చినా సరే.

ప్రశ్న: దేశం ఒకటైనప్పుడు భాష కూడా ఒకటి ఉంటేనే గదా బయటివాడెవడో మనవాడెవడో తెలిసేది?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ కొలత పెడితే ముందుగా బయటపడేది మనమే. 2021లో ప్యూ సంస్థ ప్రచురించిన సర్వేలో, నిజమైన భారతీయుడు కావాలంటే హిందీ రావడం చాలా ముఖ్యమని దేశంలోని హిందువుల్లో 59 శాతం మంది చెప్పారు. హిందీ ముక్క రాని పత్తికొండ రైతు ఆ లెక్కన ఎవరు? తెలుగు మాట్లాడేవాళ్లకు ఒక రాష్ట్రం కావాలని పోరాడి, 1953 అక్టోబరు 1న మీ ఊరినే రాజధానిగా చేసుకొని ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దానివల్ల దేశం విడిపోలేదు.

మన చట్టం ఈ విషయంలో మనకంటే ఉదారంగా ఉంది. చట్టబద్ధంగా వచ్చి, మొత్తం పన్నెండేళ్లు ఇక్కడ ఉన్న విదేశీయుడు పౌరసత్వం కోరితే, 1955 నాటి పౌరసత్వ చట్టం అతని సత్ప్రవర్తనతో పాటు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదైనా ఒకదానిలో తగినంత పరిజ్ఞానం ఉన్నదా అని చూస్తుంది. హిందీయే రావాలని అడగదు. స్పెయిన్‌లో పుట్టి, 1968లో మహారాష్ట్ర నుంచి పంపివేయబడి, 1969లో అనంతపురం చేరి, 2009లో అక్కడే కన్నుమూసే వరకు ఆ జిల్లా పేదల కోసం పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్‌ను ఆ పల్లెల వాళ్లు బయటివాడిగా చూడలేదు. రేపు ఎవరైనా పరదేశి కర్నూలులో పన్నెండేళ్లు గడిపి, కొండారెడ్డి బురుజు దగ్గర బేరమాడి నేర్చుకున్న తెలుగుతో దరఖాస్తు పెట్టుకుంటే, భాష విషయంలో ఆ తెలుగు సరిపోతుంది.