తాగుడు మానేసినా భార్య జేబులు వెతుకుతోందని బాధపడుతున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు. "తాగుడు జబ్బని డాక్టరే చెప్పాడు కదా మావయ్యా, మరి తనింకా నా జేబులెందుకు వెతుకుతోంది?" అన్నావు. డాక్టరు చెప్పింది నిజమేరా. కానీ మీ అత్తయ్యకున్న షుగరూ జబ్బే, అది ఎందుకొచ్చిందని ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు, అయినా పొద్దున్నే మాత్ర వేసుకోవాల్సింది తనే, నేను వేసుకుంటే తనకి తగ్గదు.

ఆటోనగర్లో లేత్ షాపు నడిపే రోజుల్లో, మానేసిన కొత్తలో నేను రెండువైపులా పడ్డాను. ముందు అంతా నేనే సరిచేసేయాలనుకున్నాను, ఒక్క నెలలో అప్పులు తీరాలి, మీ అత్తయ్య నవ్వాలి, పిల్లలొచ్చి పక్కన కూర్చోవాలి. ఏదీ అవలేదు. ఇంత చేసినా ఎవరికీ పట్టలేదన్న ఉక్రోషంతో మూడో నెలలో బెంజి సర్కిల్ దగ్గర బస్సు దిగి తాగేశాను. తర్వాత అంతా దుర్గమ్మే చూసుకుంటుందిలే అని వదిలేశాను, చీటీ కట్టలేదు, అప్పిచ్చినవాళ్ల ఫోనెత్తలేదు. అలా కూడా మళ్లీ సీసా దగ్గరికే వెళ్లాను.

1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అనే తాగుడు మానేవాళ్ల సంఘానికి 12 మెట్లున్నాయి. మొదటి మెట్టులో మందు ముందు మన బలం చాలదని ఒప్పుకోమంటారు, ఎనిమిదో మెట్టుకొచ్చేసరికి మనం బాధపెట్టినవాళ్ల పేర్లన్నీ రాయమంటారు. బలమే లేనివాడు బాధ్యత ఎలా తీసుకుంటాడని చాలాకాలం నాకు అర్థం కాలేదు.

2024 సెప్టెంబరు వరద గుర్తుందిగా, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, కృష్ణలంకంతా టెన్షన్. పైనుంచొచ్చే నీళ్లని ఆపడం అక్కడి సిబ్బంది వల్ల కాదు, కానీ 70 గేట్లూ ఎత్తడం వాళ్ల పనే. నీకు సాయంత్రం ఏడింటికి తాగాలన్న కోరిక పుడుతుంది, పుట్టినందుకు సిగ్గుపడకు, దానితో పోట్లాడకు. ఆ టైముకి కడుపు ఖాళీగా ఉంచకు, వైన్ షాపున్న రోడ్డున రాకు, నాకు ఫోన్ చెయ్యి. కాసేపటికి అదే తగ్గుతుంది.

ఇక జేబుల సంగతి. వెతకనీరా. నువ్వే తీసి చూపించు, మొహం మాడ్చుకోకుండా. మీ అత్తయ్య వెతకడం మానడానికి రెండేళ్లు పట్టింది, ఒకరోజు నా చొక్కా అలాగే తీసుకెళ్లి బకెట్లో నానబెట్టేసింది, నా బస్సు టికెట్లన్నీ తడిసిపోయాయి. ఆ రోజు నేను బాత్‌రూమ్ తలుపేసుకుని ఏడ్చాను. ఆ నమ్మకం ఎప్పుడొస్తుందో నీ భార్య ఇష్టం, నువ్వు తొందరపెట్టకు.

నీ భార్యకి నేనూ ఒక మాట చెప్తాను, నీకు తెలియకుండా అన్నంలో మందు మానిపించే మాత్రలు కలపొద్దని. డైసల్ఫిరామ్ అలాంటి మాత్రే, అది వేసుకున్నట్టు తెలియక మనిషి తాగితే ప్రాణం మీదకొస్తుంది.

ఒకవేళ జారితే దాచకు, ఆ రోజే చెప్పు. మళ్లీ రోజూ తాగే దాకా వెళ్తే మాత్రం ఇంట్లో నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకు, ఫిట్స్ రావచ్చు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి. అర్ధరాత్రి మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేం అడగరు.

ఆదివారం అప్పుల పుస్తకం పట్టుకుని రా. మొదటి పేరు వాళ్లింటికి ఇద్దరం కలిసి వెళ్దాం, నేను గుమ్మం బయట బండి మీద కూర్చుంటాను, మాట్లాడటం నువ్వే మాట్లాడాలి.

మీ మావయ్య